సెడ్యూలు, షెడ్యూలు, స్కెడ్యూలు

మొన్న గురువారం రాత్రి మా ఇంట్లో ఒక మాట దగ్గర పేచీ వచ్చింది. మా అమ్మాయి ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. ఇంటి నుంచే ఒక కంపెనీకి ఇంటర్న్‌షిప్ చేస్తోంది. దాని పై అధికారులు అమెరికాలో ఉంటారు కాబట్టి మీటింగులన్నీ మనం అన్నాలకు కూర్చునే వేళకే. చపాతీలు కాల్చి హాట్‌బాక్సులో పెట్టి ఎంతసేపు చూసినా రాలేదు. తలుపు సందులోంచి తల పెట్టి, “నీ షెడ్యూల్ ఎప్పటికి అవుతుందే, కూర చల్లారిపోతోంది” అన్నాను. మైకు ఆన్‌లో ఉందని నాకేం తెలుసు?

పది నిమిషాల తర్వాత బయటికొచ్చింది. మొహం కందిపోయి ఉంది. “అమ్మా, అందరూ విన్నారు. అయినా షెడ్యూల్ ఏంటమ్మా? స్కెడ్యూల్. ఎన్నిసార్లు చెప్పాలి?” అంది. పదో తరగతి చదివే మావాడు కంచం ముందు కూర్చుని “స్కె, స్కె” అని నవ్వాడు. మావారు, “నేను పాతికేళ్ళ నుంచి ఆఫీసులో షెడ్యూల్ అనే అంటున్నా, ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు” అని చపాతీ తుంచుకున్నారు. అంతటితో అయిపోయింది. పిల్ల కూడా తినేసరికి మర్చిపోయింది.

నేను మర్చిపోలేదు. అది నన్ను దిద్దినందుకు కాదు. ఇంగ్లీషు మాటలు పిల్లలు దిద్దడం మనకి కొత్తా? పిజ్జా, జీబ్రా, బఫే, అన్నీ దిద్దించుకున్నవే. ఆ రాత్రి గిన్నెలు సర్దుకుంటుంటే, ఇదే మాట మీద నేను మా అమ్మని దిద్దిన రోజు గుర్తొచ్చింది.

మాది ప్రకాశం జిల్లాలో చిన్న పల్లెటూరు. మా అమ్మ అంగన్‌వాడీ టీచరు. చదివింది ఏడో తరగతే కానీ ఊళ్ళో ఎవరి బిడ్డకి ఎన్ని నెలలో వేళ్ళ మీద చెప్పేది. పుట్టగానే బీసీజీ. ఒకటిన్నర నెలకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి డీపీటీ సూది, పోలియో చుక్కలు. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా. ఆ రోజుల్లో టీకాల వరస అదే. ఏ తల్లైనా పొలానికి పోయి టీకా రోజు తప్పిస్తే అమ్మ సాయంత్రం వాళ్ళింటి ముందు నిలబడేది. దాన్ని అమ్మ “సెడ్యూలు” అనేది. “సెడ్యూలు తప్పితే బిడ్డకి మంచిది కాదమ్మాయ్” అని కేకలేసేది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఒకసారి అమ్మతో పాటు మండల కేంద్రానికి వెళ్ళాను. అమ్మకి నెలవారీ మీటింగు, నాకు పుస్తకాలు కొనుక్కోవాలి. మీటింగు అయ్యేదాకా గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. అమ్మ వంతు వచ్చింది. లేచి నిలబడి, “సెడ్యూలు ప్రకారం అందరికీ అయినయ్యండీ, ఇద్దరికి మాత్రం తట్టు టీకా మిగిలింది” అంది. ఆ అధికారి రిజిస్టరు చూడలేదు. “సెడ్యూలు కాదమ్మా, షెడ్యూలు. ఏదీ, ఒకసారి అను” అన్నాడు. అమ్మ “సెడ్యూలు” అంది. గదంతా నవ్వింది. బయట బెంచీ మీద నేనూ నవ్వాను.

తిరుగు బస్సులో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. “షె అనమ్మా, షె. నాలిక కొంచెం వెనక్కి పెట్టు” అని పాఠం చెప్పాను. అమ్మ రెండుసార్లు ప్రయత్నించి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఆ మాట అమ్మ నోట నేను వినలేదు. “టీకాల చీటీ” అనడం మొదలుపెట్టింది.

అమ్మ సెడ్యూలు అంది, నేను షెడ్యూలు అని దిద్దాను, ఇప్పుడు నా కూతురు నన్ను స్కెడ్యూలు అని దిద్దింది. మూడు తరాలు, మూడు పలుకుబడులు. ఇందులో అసలు ఏది ఒప్పు అని తెలుసుకోవాలనిపించింది. చదివింది బీఏ తెలుగైనా, మాటల పుట్టుపూర్వోత్తరాలంటే నాకు ఇప్పటికీ సరదానే. మధ్యాహ్నాలు ఇంటిపని అయ్యాక వారం రోజులు ఇదే పని పెట్టుకున్నాను. తెలిసింది మీకూ చెప్తాను.

ఈ మాట ఇంగ్లండులో పుట్టింది కాదు. గ్రీకు భాషలో చీలిక, పీలిక అనే అర్థమున్న మాట నుంచి లాటిన్‌లోకి వెళ్ళింది. పాతకాలంలో పపైరస్ అనే రెల్లు మొక్క కాడను పీలికలుగా చీల్చి, పక్కపక్కన పేర్చి, కాగితంలా చేసుకునేవారు. అలాంటి ఒక రేకుని లాటిన్‌లో స్కెదా అన్నారు. చిన్న రేకైతే స్కెదులా. తెలుగులో చెప్పాలంటే చీటీ, అంతే. ఇది చదివాక ఒక్క నిమిషం ఫోను పక్కన పెట్టేశాను. నలుగురూ నవ్వారని మా అమ్మ ఆ మాట వదిలేసి పట్టుకున్నది సరిగ్గా చీటీ అన్న మాటనే కదా! ఏ నిఘంటువూ చూడకుండా రెండు వేల ఏళ్ళ వెనకటి అర్థం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

లాటిన్ నుంచి ఆ మాట ఫ్రెంచిలోకి దిగేసరికి జనం నోట నలిగి మెత్తబడింది. మొదట్లో ఉన్న ‘స్క’ పోయి ‘స’ మిగిలింది. మనకి తత్సమం, తద్భవం అని చిన్నప్పుడు చెప్పారు గుర్తుందా? భోజనం తత్సమం, బోనం తద్భవం. యాత్ర తత్సమం, జాతర తద్భవం. అలాగే స్కెదులా తత్సమం అనుకుంటే, ఫ్రెంచివాళ్ళ సెదూల్ తద్భవం. ఈ మెత్తని రూపం చుట్టుపక్కల భాషల్లో ఇప్పటికీ ఉంది. దక్షిణ అమెరికాలో స్పానిష్ మాట్లాడే చాలా దేశాల్లో గుర్తింపు కార్డుని సెదులా అంటారు. జర్మన్‌లో చిన్న కాగితం ముక్కని త్సెటెల్ అంటారు. అదీ ఈ కుటుంబంలోదే.

ఇక ఇంగ్లీషులోకి ఎలా వచ్చిందంటే, 1066లో ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండుని గెలిచారు. రాజ్యం వాళ్ళది కాబట్టి కచేరీల భాష, కోర్టుల భాష ఫ్రెంచి అయింది. మన దగ్గర నవాబుల కాలంలో పారశీకం కచేరీ భాష అయి, ఆ మాటలన్నీ మనకి అంటుకున్నట్టు. దావా, ఫిర్యాదు, వకీలు, జమాబందీ అన్నీ అలా వచ్చినవే కదా. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగవచ్చని చట్టం చెయ్యడానికి అక్కడ 1362 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఫ్రెంచి మాటలు కుప్పలుగా ఇంగ్లీషులో చేరిపోయాయి. 14వ శతాబ్దం చివరికి ఈ మాట కూడా వచ్చి చేరింది. పలకడం ‘స’తోనే. రాయడం కూడా అలాగే, ‘సి’తోనో ‘ఎస్’తోనో మొదలుపెట్టి, చెవికి విన్నట్టు రాసుకునేవారు.

అప్పుడు దాని అర్థం కూడా చీటీయే. వీలునామాకో దస్తావేజుకో చివర అంటించిన చీటీ. అసలు కాగితంలో పట్టని వివరాలు, ఫలానా ఇల్లు, ఫలానా పొలం, ఇన్ని వెండి గిన్నెలు అని జాబితా రాసి కింద కలిపేవారు. టైముకీ దానికీ సంబంధమే లేదు.

తర్వాత పండితులు చెయ్యి పెట్టారు. 15వ శతాబ్దం నుంచి అక్కడ లాటిన్ చదువు మీద మోజు పెరిగింది. ఫ్రెంచి ద్వారా అరిగిపోయి వచ్చిన మాటల్ని చూసి, వీటి అసలు రూపం లాటిన్‌లో ఇలా కదా ఉండాలి అని స్పెల్లింగులు దిద్దడం మొదలుపెట్టారు. మన ఊళ్ళో బోనాలు అని రాసి ఉన్న బోర్డు చెరిపి ఎవరో పెద్దాయన భోజనాలు అని రాసినట్టు అనుకోండి. రాత మారింది. జనం మాత్రం బోనాలనే అంటారు.

చిన్నప్పుడు మనల్ని ఏడిపించిన స్పెల్లింగులు చాలావరకు ఇలా వచ్చినవే. రిసీట్‌లో ‘పి’ ఎందుకుంది? లాటిన్‌లో ఉంది కాబట్టి. అప్పు అనే అర్థమున్న డెట్‌లో ‘బి’ ఎందుకుంది? అదీ లాటిన్‌లో ఉంది కాబట్టే. పలకరు, రాస్తారు. ఐలాండ్‌లో ‘ఎస్’ మరీ అన్యాయం. ఆ మాట లాటిన్ నుంచి రానే లేదు, పాత ఇంగ్లీషు మాట. లాటిన్ మాటేమో అని పొరబడి ‘ఎస్’ దూర్చారు. ఆ పొరపాటు రాయలేదని నేను నాలుగో తరగతిలో గోడకుర్చీ వేశాను.

ఇంకో ముచ్చట. తప్పు అనే అర్థంలో ఫాల్ట్ అంటాం కదా, అందులో ‘ఎల్’ కూడా మొదట లేదు. పండితులు లాటిన్‌ని చూసి చేర్చారు. కొన్నాళ్ళు పలికేవాళ్ళు పలికారు, పలకనివాళ్ళు పలకలేదు. చివరికి అందరూ పలకడం మొదలుపెట్టారు. అంటే రాత ఒక్కోసారి ఓడిపోతుంది, ఒక్కోసారి గెలిచి నోటినే మార్చేస్తుంది.

మన మాటకీ ఆ పండితులే ‘ఎస్, సి, హెచ్’ అనే మూడక్షరాలు తగిలించారు. అయినా జనం ‘సె’ అనే అన్నారు, ఒకటి రెండేళ్ళు కాదు, కొన్ని వందల ఏళ్ళు. లండన్‌లో జాన్ వాకర్ అని ఒకాయన ఉండేవాడు. మొదట నాటకాల్లో నటుడు. తర్వాత వేషాలు మానేసి ఉచ్చారణ పాఠాలు చెప్పుకుని బతికాడు. 1791లో మాటల్ని ఎలా పలకాలో చెప్పే పెద్ద నిఘంటువు వేశాడు. పదిమందిలో పరువుగా మాట్లాడాలనుకునే వాళ్ళు ఆ పుస్తకాన్ని దగ్గర పెట్టుకునేవారట. అందులో ఈ మాటకి ఆయన మొదట ఇచ్చిన పలుకు ‘సె’తోనే. పైగా ఒక వివరణ కూడా రాశాడు. లాటిన్‌ని బట్టి పోతే ‘స్కె’ అనాలి, ఫ్రెంచి రాతని బట్టి పోతే ‘షె’ అనాలి, కానీ జనంలో ‘సె’ గట్టిగా పాతుకుపోయింది, ఇక దాన్ని ఎవరూ మార్చలేరు అని దాని సారాంశం.

ఈ సంగతి చదివాక నాకు ఆ మీటింగు గది గుర్తొచ్చింది. ఆ రోజు ఆ గదిలోకి వాకర్ గారు నడిచి వచ్చి ఉంటే, నవ్విన వాళ్ళందరినీ కూర్చోబెట్టి మా అమ్మని లేచి ఇంకోసారి అనమ్మా అని ఉండేవాడు.

పాపం, ఎవరూ మార్చలేరన్న ఆయన జోస్యం మాత్రం ఫలించలేదు. ఇంగ్లండు పాలన వదిలించుకున్న అమెరికాలో నోవా వెబ్‌స్టర్ అనే పంతులుగారు, మన దేశానికి మన ఇంగ్లీషు ఉండాలని పట్టుబట్టాడు. పిల్లల కోసం 1783లో స్పెల్లింగు పుస్తకం వేశాడు. 1828లో, డెబ్బై ఏళ్ళ వయసులో, డెబ్బై వేల మాటలతో పెద్ద నిఘంటువు తెచ్చాడు. కలర్ అనే మాటలో ‘యు’ తీసేసిన రాత అమెరికాలో స్థిరపడిందంటే ఆయన చలవే. మన మాటకి ఆయన గ్రీకు మూలాన్ని పట్టుకుని ‘స్కె’ అన్నాడు. అమెరికా బడుల్లో అదే నిలిచింది. మా అమ్మాయి స్కెడ్యూల్ ఆ దారిన వచ్చింది.

ఇంగ్లండులో 19వ శతాబ్దంలో ‘సె’ పోయి ‘షె’ పైకొచ్చింది. అప్పుడు మనల్ని ఏలుతున్నది వాళ్ళు. కాబట్టి మన దేశానికి దిగింది ‘షె’. అధికారి నోట ‘షె’, నా నోట ‘షె’, మావారి ఆఫీసులో ‘షె’, అన్నీ ఆ దారిన వచ్చినవే. ఆ రోజు బస్సులో అమ్మకి నేను చెప్పిన పాఠం వయసు అప్పటికి రెండు వందల ఏళ్ళు కూడా లేదు. అమ్మ నోట్లో ఉన్నది దానికంటే చాలా పాతది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అమ్మ ‘సెడ్యూలు’ అన్నది ఇంగ్లండు చరిత్ర తెలిసి కాదు. రెండూ కలవడం కాకతాళీయమే. కానీ అమ్మ పలుకు వెనక కూడా ఒక పద్ధతి ఉంది. అది ఇంగ్లీషుది కాదు, తెలుగుది. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో తెలుగుకి ముప్పై ఆరు వర్ణాలని లెక్క చెప్పారు. బీఏలో బట్టీ పట్టిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ జాబితాలో ‘స’ ఉంది కానీ ‘శ’, ‘ష’ లేవు. అవి సంస్కృతం మాటలతో వచ్చినవి. అందుకే ఆ మాటలు తద్భవాలు అయ్యేటప్పుడు ‘స’కి మారతాయి. భాష బాస అయింది. శంఖం సంకు అయింది. శయ్య సెజ్జ అయింది. కావ్యాల్లో సెజ్జ కనబడితే ఎంత చక్కటి తెలుగు అని మురిసిపోయి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అదే సూత్రం ప్రకారం మా అమ్మ షెడ్యూలుని సెడ్యూలు చేస్తే మాత్రం నవ్వాను. శయ్య సెజ్జ అయితే వ్యాకరణం, షెడ్యూలు సెడ్యూలు అయితే నోరు తిరగకపోవడమా?

మన దేశంలో ఈ మాటకి ఇంకో పెద్ద కథ ఉంది. ఇక్కడ అది టైంటేబులుగా రాలేదు, చట్టం చివర అంటించిన చీటీగానే వచ్చింది. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం అని తెచ్చారు. మామూలు చట్టాలు వర్తించని ప్రాంతాల పేర్లు దాని చివర జాబితాలో రాశారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల మన్యం ప్రాంతాలు అందులో ఉన్నాయి. 1936లో వెలువడిన ఉత్తర్వులో రాష్ట్రాల వారీగా కులాల జాబితా కలిపారు. షెడ్యూల్డ్ కులాలు అన్న పేరు అలా స్థిరపడింది. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం చివర ఎనిమిది షెడ్యూళ్ళు ఉండేవి, ఇప్పుడు పన్నెండు. మన్యంలో భూమి ఎవరి చేతుల్లోకి పోకూడదనే సంగతులు ఐదో షెడ్యూలుతో ముడిపడి ఉన్నాయి. ఎనిమిదో షెడ్యూలులో భాషల పేర్లు ఉంటాయి. మొదట 14, ఇప్పుడు 22. తెలుగు మొదటి నుంచీ ఉంది.

కాబట్టి మన దగ్గర ఎంతోమందికి ఈ మాట నోరు తిప్పుకునే సరదా కాదు. కాగితం చివరి చీటీలో తమ పేరు ఉందా లేదా అన్నది వాళ్ళకి పొలం, చదువు, ఉద్యోగం. మా ఊళ్ళో కూడా సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్ళలో చాలామంది ‘సెడ్యూలు’ అనేవారు. బల్ల అవతల కూర్చున్న వాళ్ళు ‘షెడ్యూలు’ అనేవారు. నవ్వు ఎప్పుడూ బల్ల అవతల నుంచే వచ్చేది. అది ఉచ్చారణ గురించిన నవ్వు అని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఇక ఫలానా పని ఫలానా టైముకి అనే అర్థం 19వ శతాబ్దంలో అమెరికా రైళ్ళ దగ్గర మొదలైంది. రైళ్ళు వచ్చే వేళలు, పోయే వేళలు అచ్చేసిన కాగితాన్ని ఆ పేరుతో పిలిచారు. అక్కడి నుంచి సినిమా షూటింగులకీ, పరీక్షలకీ, టీకాలకీ, మా అమ్మాయి మీటింగులకీ పాకింది.

ఇప్పుడు చివరి మలుపు. ఇంగ్లండులో కుర్రకారు ‘షె’ వదిలేసి అమెరికావాళ్ళలా ‘స్కె’ అంటున్నారట. జాన్ వెల్స్ అనే ఉచ్చారణ శాస్త్రజ్ఞుడు తన నిఘంటువు కోసం జనాన్ని అడిగి చూస్తే, పెద్దవాళ్ళు ‘షె’ వైపు, చిన్నవాళ్ళు ‘స్కె’ వైపు ఎక్కువగా తేలారు. కెనడాలో, ఆస్ట్రేలియాలో రెండూ వినిపిస్తాయి. సినిమాలు, కంప్యూటర్లు ఎటునుంచి వస్తే పలుకుబడి అటునుంచి వస్తుంది కాబోలు. ఒకప్పుడు నార్మన్ల రాజ్యం, తర్వాత లాటిన్ చదువు, తర్వాత తెల్లదొరల కచేరీ, ఇప్పుడు అమెరికా ఉద్యోగం. ఎప్పుడు ఎవరిది పైచేయి అయితే అప్పుడు వాళ్ళది ఒప్పు అయింది. మిగతా వాళ్ళ నోళ్ళు తప్పు అయ్యాయి.

శనివారం పిల్లకి తలకి నూనె పెడుతూ ఇదంతా చెప్పాను. ఫోను చూస్తూనే వింది. వాకర్ దగ్గరికి వచ్చేసరికి ఫోను పక్కన పెట్టింది. అమ్మమ్మ సంగతి కూడా చెప్పాను, నేను నవ్వానని దాచకుండా. కాసేపు ఊరుకుని, “అయితే నేనేమనాలి మరి?” అంది.

“నీ మీటింగులో స్కెడ్యూల్ అను. అక్కడ వాళ్ళకి అర్థం కావాలి కదా. నేను షెడ్యూల్ అంటాను, ఈ వయసులో మార్చుకోలేను. అమ్మమ్మ ఏమన్నా దిద్దకు” అన్నాను.

“నీ మైకు కంట్రోల్ మాత్రం నువ్వే చూసుకోవాలి” అంది. సరే, అదీ న్యాయమే. ఇప్పుడు దాని గది తలుపు మీద ఒక చీటీ అంటించింది, మీటింగు వేళలు రాసి. నిజమైన స్కెదులా అన్నమాట!

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ఉద్యోగం మానేసి ఏళ్ళయింది. అటూ ఇటూ మాట్లాడి, “అమ్మా, ఆ రోజు మీటింగు నుంచి వస్తూ బస్సులో నీకు షె, షె అని నేర్పించాను, గుర్తుందా?” అన్నాను. గుర్తుండదులే అనుకున్నాను.

“ఎందుకు గుర్తులేదు? నువ్వు కొత్త పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూచున్నావు. నా కళ్ళల్లో నీళ్ళు నీకు కనబడకూడదని కిటికీలోంచి చూశాను” అంది.

నాకు గొంతు పెగల్లేదు. తేరుకుని, ఇంగ్లండులో తెల్లవాళ్ళే వందల ఏళ్ళు నీలాగే ‘సె’ అన్నారమ్మా, పుస్తకంలో కూడా వేశారు అని చెప్పాను. తప్పు నాదే అని కూడా చెప్పాను. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత నవ్వింది. “అట్టనా! మరి ఆ సారుకి ఎవరు చెప్తారే?” అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. పెట్టేసే ముందు, “ఉండు, మన పక్కింటి కోడలికి తొమ్మిదో నెల నిండిన బిడ్డ ఉంది. రేపు తట్టు టీకాకి తీసుకుపోవాల. ఆ పిల్ల మర్చిపోతది. సెడ్యూలు తప్పకూడదు” అంది.

దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మాట మళ్ళీ అమ్మ నోట విన్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ మాటని ఎలా పలుకుతారో ఒకసారి చెవిపెట్టి వినండి. దిద్దబోయే ముందు, వాళ్ళు చెప్పేది ఏమిటో పూర్తిగా విన్నామా అని కూడా చూసుకోండి. ఆ రోజు అమ్మ ఇద్దరు పిల్లలకి టీకా మిగిలిందని చెప్పింది. ఆ గదిలో ఎవరూ అది వినలేదు. ఆ ఇద్దరికీ మర్నాడు అమ్మే తీసుకెళ్ళి వేయించింది.